టెక్స్చర్ పెయింటింగ్‌కు రంగులు వేసే రోజు: తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో, గోదావరి పాయల మధ్య ఊళ్లలో మేము నడిపే బొమ్మల వర్క్‌షాప్‌కు వచ్చేవాళ్ల కోసం ఈ పేజీ. మొదటి ఆదివారం అందరూ బోర్డు మీద పేస్టుతో ఎత్తుపల్లాలు తీర్చి ఇంటికి తీసుకెళ్తారు. తర్వాతి ఆదివారం రంగుల రోజు. ఈ మధ్యలో ఫోన్‌లో అడిగేవి, ఆ రోజు బల్లల దగ్గర వినిపించేవి కలిపి ఇక్కడ రాశాం. మా నమ్మకం ఒకటే: మీరు కష్టపడి లేపిన ప్రతి గీతా, ప్రతి గట్టూ రంగు వల్ల ఇంకా బాగా కనపడాలి. రంగు వాటిని కప్పేయకూడదు. కింద చెప్పిన సలహాల్లో చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే.

టెక్స్చర్ పూర్తిగా ఆరిందని ఎలా తెలుసుకోవాలండీ?

పైన తాకితే ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చిగా ఉంటుంది. మన వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి వేలితో తాకి తేల్చుకోవడం కష్టం. మణికట్టు లోపలి వైపు బోర్డుకు ఆనించి చూడండి. చల్లగా తగిలిందంటే ఇంకా నీరు ఆవిరవుతూనే ఉంది. బాగా మందంగా ఉన్నచోట, ఎవరికీ కనపడని మూలన గోరుతో నొక్కండి, గుంట పడకూడదు. కాన్వాస్ అయితే వెనక్కి తిప్పి తడి మరక ఉందేమో చూడండి.

రెండు మూడు మిల్లీమీటర్ల పూత ఫ్యాన్ కింద ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతుంది. అర సెంటీమీటరు దాటిన దిమ్మలకు చాలా రోజులు కావాలి. మేము మధ్యలో వారం వదిలేది అందుకే. త్వరగా ఆరాలని డాబా మీద ఎండలో మాత్రం పెట్టకండి. పై పొర ముందే బిగిసిపోతుంది. ఆ తర్వాత లోపలి నీరు పోయి పేస్టు కుంచించుకునేసరికి పైన పగులుతుంది. నీడ, గాలి ఉంటే చాలు. ముసురు పట్టిన వారంలో బోర్డుని గోడకు ఆనించకుండా, రెండు పక్కలా గాలి తగిలేలా నిలబెట్టండి.

ఆరేసరికి పగుళ్లు వచ్చాయి. పాడైనట్టేనా?

కాదు. వెంట్రుకంత సన్నని పగుళ్లయితే అలాగే ఉంచమంటాం. వేసవిలో నెర్రెలిచ్చిన చెరువు అడుగునో, పాత పెంకుటింటి గోడనో వేస్తున్నవాళ్లకు అది వరమే. పల్చటి ముదురు రంగు పోస్తే ఆ గీతల్లోకి దిగి, చేత్తో గీసినా రానంత అందంగా వస్తుంది. పగులు అంచులు పైకి లేచి, వేలితో తడితే బోలుగా శబ్దం వస్తే మాత్రం ఆ ముక్క ఊడిపోతుంది. దాన్ని తీసేసి, కింద ఫెవికాల్ రాసి, కొత్త పేస్టు నింపుకుని రండి.

నేరుగా రంగు వేసేయొచ్చా, ముందు ప్రైమర్ కావాలా?

మీరు దేనితో టెక్స్చర్ చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. షాపులో కొన్న యాక్రిలిక్ మోడలింగ్ పేస్ట్ అయితే నేరుగా వేసుకోవచ్చు. సుద్దపొడి, ఫెవికాల్ కలిపి చేసుకున్న పేస్టయినా, గోడల పుట్టీ అయినా అది నీటిని గటగటా తాగేస్తుంది. మీరు పెట్టిన రంగు ఒకచోట ముదురుగా, పక్కనే వెలిసిపోయినట్టు పడుతుంది. బ్రష్ కూడా జారదు, పట్టేసినట్టు ఆగిపోతుంది. అందుకే ముందు ఒక పూత గెస్సో (రంగు కింద వేసే తెల్లటి యాక్రిలిక్ ప్రైమర్) వేయండి. గెస్సో లేకపోతే ఒక వంతు ఫెవికాల్‌కు మూడు వంతుల నీళ్లు కలిపి పల్చగా రాసి, ఆరనిస్తే సరిపోతుంది. గెస్సో చిక్కగా వేసి సన్న గీతల్ని పూడ్చేయకండి.

గోడల పుట్టీలో రెండు రకాలున్నాయి. డబ్బాలో తడిగా వచ్చే యాక్రిలిక్ పుట్టీతో పెద్ద ఇబ్బంది లేదు. సంచిలో పొడిగా వచ్చేది తెల్ల సిమెంటుతో చేసింది, అందులో క్షారం ఉంటుంది. ప్రష్యన్ బ్లూ లాంటి రంగులు క్షారానికి తట్టుకోలేవు, కాలక్రమంలో రంగు పోతుంది. అలాంటి బోర్డుకు క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ పూత తప్పనిసరి. నీలానికి అల్ట్రామెరీన్ గానీ థాలో బ్లూ గానీ వాడుకోండి.

ఏ రంగులు తెచ్చుకోవాలి?

ట్యూబుల్లో గానీ సీసాల్లో గానీ దొరికే యాక్రిలిక్ రంగులు. ఆరు చాలు: టైటానియం వైట్, ఎల్లో ఓకర్, నిమ్మపండు పసుపు, బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్, అల్ట్రామెరీన్ బ్లూ. ఏడోది కొనగలిగితే ఒక మంచి ఎరుపు. నలుపు తేవద్దని గట్టిగా చెబుతాం. బర్న్ట్ అంబర్‌లో అల్ట్రామెరీన్ కలిపితే వచ్చే ముదురు రంగు నలుపు కన్నా ప్రాణంతో ఉంటుంది. పాలు ఎక్కువ తక్కువ చేస్తే వెచ్చగానో చల్లగానో తిప్పుకోవచ్చు. ట్యూబు నలుపు పల్లాల్లో పడితే అక్కడ బొక్క పడినట్టు కనిపిస్తుంది.

ఇంట్లో ఉన్న ఫ్యాబ్రిక్ రంగులు పనికొస్తాయి, వాటిలోనూ యాక్రిలిక్ జిగురే ఉంటుంది. పిల్లల పోస్టర్ రంగులు వద్దు. అవి ఆరాక కూడా నీళ్లు తగిలితే కరుగుతాయి. రెండో పొర వేస్తుంటే మొదటి పొర లేచి కలిసిపోతుంది. టెక్స్చర్‌కు పొరలే ముఖ్యం కదా, అందుకే అవి కుదరవు. గోడలకు వేసే ఎమల్షన్‌లో స్టెయినర్ (గోడ రంగులో కలిపే చిక్కటి రంగు ద్రవం) కలిపి వాడినా ఫర్వాలేదు, పెద్ద బోర్డులకు ఖర్చు కలిసొస్తుంది. ఆయిల్ రంగులంటే ఇష్టమున్నవాళ్లు బాగా ఆరిన యాక్రిలిక్ మీద ఆయిల్ వేసుకోవచ్చు. ఆయిల్ మీద యాక్రిలిక్ మాత్రం నిలవదు.

పసుపు, కుంకుమ, గోరింటాకు లాంటి ఇంటి రంగులు వాడొచ్చా?

సరదాగా ఒక ముక్క మీద వేసి చూడండి, గోడకు పెట్టే బొమ్మకు వద్దు. పసుపు వెలుతురుకు తొందరగా వెలిసిపోతుంది. పైగా సున్నం గానీ సిమెంటు గానీ ఉన్న టెక్స్చర్ మీద పడితే ఎర్రబడిపోతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసుకునే ఇళ్లలో ఈ సంగతి అందరికీ తెలిసిందే. మట్టి రంగులు కావాలనుకునేవాళ్లు మెత్తగా జల్లించిన ఎర్రమట్టిని యాక్రిలిక్ మీడియంలో (రంగు కలపని యాక్రిలిక్ జిగురు) గానీ పల్చటి ఫెవికాల్‌లో గానీ కలుపుకోవచ్చు. మట్టి రంగు వెలవదు.

ముందు ముదురు రంగా, లేత రంగా?

మమ్మల్ని అందరూ అడిగే ప్రశ్న ఇది. మా సమాధానం: ముందు పల్లాల్లోకి ముదురు, తర్వాత మొత్తానికి మధ్య రంగు, చివర గట్ల మీద లేత. ఎందుకో చెబుతాం, ఎందుకంటే కారణం తెలిస్తే మీ బొమ్మకు ఎప్పుడు ఈ పద్ధతి మార్చుకోవాలో మీకే తెలుస్తుంది.

తెల్లటి టెక్స్చర్‌ను కిటికీ దగ్గర పక్క వెలుతురులో పెడితే ప్రతి గీతా కనిపిస్తుంది. గట్టు మీద వెలుగు, పక్కన నీడ పడతాయి. అదే బోర్డుని ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పెడితే చదునుగా అయిపోతుంది. మన ఇళ్లలో బొమ్మలు ఎక్కువగా ట్యూబ్‌లైట్ ఎదురుగానే ఉంటాయి. అందుకని పక్క వెలుతురు చేసే పనిని మనం రంగుతో చేయాలి. నీడ ఉండే చోట ముదురు, వెలుగు తగిలే చోట లేత.

చేసే పద్ధతి ఇలా. బర్న్ట్ అంబర్, అల్ట్రామెరీన్ కలిపిన రంగుని నీళ్లతో పల్చన చేయండి. అందులో నాలుగు చుక్కల యాక్రిలిక్ మీడియం గానీ ఫెవికాల్ గానీ వేయండి. ఒట్టి నీళ్లతో మరీ పల్చన చేస్తే జిగురు చాలక ఆరాక పొడిలా రాలుతుంది. మెత్తని బ్రష్‌తో ఒక అరచేయంత భాగానికే పూసి, ప్రతి గాడిలోకీ దిగేలా చూడండి. వెంటనే తడిపి పిండిన పాత పంచె ముక్కతో పైపైన తుడవండి. గట్ల మీద రంగు పోతుంది, గాళ్లలో ఉండిపోతుంది. గుడ్డని మడతపెట్టి అరచేతికి చదునుగా పట్టుకోండి. వేళ్లతో పొడిస్తే గాడిలోది కూడా లేచి వస్తుంది. ఫ్యాన్ వేగంగా తిరుగుతుంటే ఐదు నిమిషాల్లోపే రంగు పట్టేస్తుంది, కాబట్టి బోర్డంతా ఒకేసారి పూసి తర్వాత తుడుద్దామనుకోకండి.

అది పూర్తిగా ఆరాక మధ్య రంగు వేయాలి. నదికి నీలి ఆకుపచ్చ, చేలకు ఆకుపచ్చ, ఇలా మీ బొమ్మ అసలు రంగు. దీన్ని గాజులా పల్చగా వేస్తే కింద ఉన్న ముదురు గీతలు లోంచి కనిపిస్తాయి. చాలామంది ఇక్కడే తొందరపడి ట్యూబులోంచి నేరుగా తీసి మందంగా పూసేస్తారు, దాంతో మొదటి పొర శ్రమంతా కిందకు పోతుంది.

చివరిది డ్రై బ్రష్. గట్టి వెంట్రుకల చదును బ్రష్‌కు లేత రంగు అద్ది, ఆ రంగుని దాదాపు మొత్తం పాత న్యూస్‌పేపర్ మీద తుడిచేయండి. బ్రష్‌లో రంగు అయిపోయిందేమో అనిపించాలి. అప్పుడు బ్రష్‌ని వాల్చి పట్టుకుని, టెక్స్చర్ గీతలకు అడ్డంగా ఆనీ ఆననట్టు లాగండి. ఆత్రేయపురం పూతరేకు మీద నెయ్యి రాసినంత పల్చగా రంగు తగలాలి. గట్ల కొసలు మాత్రమే వెలుగుతాయి. చాలా కొద్దిగా మొదలుపెట్టి, రెండడుగులు వెనక్కి వెళ్లి చూసి, కావాలంటేనే ఇంకో లాగు లాగండి.

ఈ వరుస అన్నిటికీ కాదు. మొత్తం తెలుపులోనే ఉండే బొమ్మలకు మొదటి పొర చాలా లేత బూడిద రంగుతో సరిపోతుంది. రాత్రి దృశ్యాలకు డ్రై బ్రష్ ఒక్క పక్కనే, చంద్రుడున్న వైపే వేయాలి.

తడిగా ఉన్నప్పుడు బాగుంది, ఆరాక నల్లబడింది. ఏమైంది?

యాక్రిలిక్ జిగురు తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితే గాజులా పారదర్శకం అవుతుంది. ఆ తెలుపు పోవడంతో రంగు ఒక మెట్టు ముదురుతుంది. కలిపిన రంగుని ముందు ఒక అట్ట ముక్క మీద పూసి ఆరబెట్టి చూసుకోండి. మీకు కావలసిన దానికన్నా కొంచెం లేతగా కలుపుకుంటే సరిపోతుంది.

గోదావరి నీళ్లకు ఏ రంగు వేయాలి? నీలం వేస్తే ఏదోలా ఉంది.

మన గోదావరి నీరు సినిమా పోస్టర్లలో ఉన్నంత నీలంగా ఏ నెలలోనూ ఉండదు, అందుకే మీ కన్ను ఒప్పుకోవట్లేదు. ముందు ఏ నెల బొమ్మ వేస్తున్నారో తేల్చుకోండి. జూలై, ఆగస్టుల్లో పైనుంచి ఒండ్రు మోసుకొచ్చే ఎర్రనీటికి బర్న్ట్ సియెన్నా, ఎల్లో ఓకర్, తెలుపు కావాలి. నీలం అందులో ఒక్క చుక్క, అదీ మబ్బు నీడ పడ్డ చోట. వరద నీటికి టెక్స్చర్ పెద్ద పెద్ద వంపులుగా ఉంటే లేత పొరని వంపు కొసకు కాకుండా దాని వెనుక వాలుకు వేసి చూడండి, ప్రవాహం వేగం కనిపిస్తుంది.

శీతాకాలంలో నీరు తేటపడుతుంది. అప్పుడు అల్ట్రామెరీన్‌లో ఓకర్ కలిపిన మెత్తని ఆకుపచ్చ, పైన లేత బూడిద సరిపోతాయి. పొద్దుటి మంచు వేస్తున్నవాళ్లు దూరంగా ఉన్న నది ఒడ్డుకు డ్రై బ్రష్ వేయకండి. దూరంగా ఉన్నది చదునుగా, లేతగా ఉంటేనే దూరంగా కనిపిస్తుంది. దగ్గరి నీటిలోనే గీతలు తేలాలి.

వేసవిలో పాయల్లో ఇసుక తిన్నెలు బయటపడతాయి. తిన్నె రంగు తెలుపు కాదు, పసుపు కాదు. తెలుపులో ఓకర్, చిటికెడు అంబర్. తిన్నె, నీరు కలిసే అంచున తడి ఇసుక ముదురుగా ఉంటుంది, ఆ సన్నని గీత మర్చిపోతే నీరు ఇసుక మీద అతికించినట్టు ఉంటుంది. అంతర్వేది దగ్గర గోదావరి పాయ వశిష్ట సముద్రంలో కలిసే చోటు వేసేవాళ్లకు ఇంకో పని ఉంది, అక్కడ నది రంగు, సముద్రం రంగు వేరు. ఆ రెంటినీ గీత గీసినట్టు విడగొట్టకుండా, తడిగా ఉన్నప్పుడే స్పాంజితో అద్ది కలపండి.

కొబ్బరి చెట్లు, వరి చేలు అన్నీ ఒకే ఆకుపచ్చగా అయిపోతున్నాయి.

కోనసీమ బొమ్మకు ఇదే పెద్ద పరీక్ష, ఎటు చూసినా ఆకుపచ్చే. ట్యూబులో వచ్చే ఆకుపచ్చని అలాగే వాడితే ప్లాస్టిక్ ఆకులా ఉంటుంది. అందులో కొంచెం బర్న్ట్ సియెన్నా కలపండి, వెంటనే నేల మీదకు వస్తుంది. నారుమడికి నిమ్మపండు పసుపు ఎక్కువ, నీలం తక్కువ. దుబ్బు కట్టిన చేనుకు నీలం పెంచండి. పొట్ట మీదున్న చేనులో బూడిద ఛాయ వస్తుంది. కోతకొచ్చిన చేనుకు ఓకర్ మీద సియెన్నా డ్రై బ్రష్ చేస్తే కంకులు వాటంతటవే పుడతాయి.

కొబ్బరి మట్టలకు పాలెట్ నైఫ్‌తో చేసిన గీతలుంటాయి కదా, వాటికి లేత రంగుని అడ్డంగా లాగకండి. ఈనె నుంచి కొస వైపు, ఆకు పెరిగిన దిశలోనే లాగండి. ముదురు మట్టల మీద ఆకాశం వెలుగు పడి నీలం మెరుస్తుంది. కింద ఎండి వేలాడే మట్టలకు ఓకర్. చెట్టులో ఈ మూడూ ఉంటే దూరం నుంచి కూడా కొబ్బరి చెట్టే అనిపిస్తుంది, తాటిచెట్టు అనిపించదు.

టెక్స్చర్‌లో ఇసుక, కొబ్బరి పీచు, ఊక కలిపాను. వాటి మీద రంగు పట్టుతుందా?

పట్టుతుంది, కానీ ఒక్కొక్కదానికి ఒక్కో జాగ్రత్త. గోదావరి ఇసుక అయితే జల్లించి కడిగి ఆరబెడితే చాలు. ఓడలరేవు బీచ్ నుంచో అంతర్వేది నుంచో తెచ్చిన ఇసుకని మాత్రం మంచినీళ్లలో మళ్లీ మళ్లీ కడగాలి. ఉప్పు మిగిలితే అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, తర్వాత రంగు మీద తెల్లటి పొరలా పైకి వస్తుంది.

కొబ్బరి పీచు నుంచి గోధుమ రంగు దిగుతుంది. దాని మీద లేత రంగు వేస్తే కింద నుంచి మరక పైకి పాకుతుంది. వేడినీళ్లలో నానబెట్టి, నీరు రంగు మారడం ఆగేవరకు పిండి ఆరబెట్టిన పీచు వాడాలి. ఇప్పటికే అతికించేసి ఉంటే పల్చటి ఫెవికాల్ నీళ్లు రెండు పూతలు వేసి, ఆరాక రంగు మొదలుపెట్టండి. ఊకకూ ఈ పూత వేయాలి. బియ్యం, పప్పులు, మైదా జిగురు అసలు వద్దు. మన వాతావరణంలో పురుగు, బూజు పట్టకుండా అవి నిలవవు. మైదాలో మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదని పెద్దవాళ్లు చెబుతారు, అది నిజమే గానీ మైలుతుత్తం విషం. పిల్లలు కూర్చునే బల్ల మీదకు దాన్ని రానివ్వం.

అందరం కలిసి ఒకే పెద్ద బొమ్మ వేస్తే రంగులు ఎలా కలుస్తాయి?

దీన్ని మేము చాలా ఇష్టంగా చేయిస్తాం. జగ్గన్నతోట ప్రభల తీర్థం మాకు బాగా నచ్చిన వస్తువు. ప్రభ అంటే వెదురుతో కట్టి, రంగుల గుడ్డలతో అలంకరించి, దేవుణ్ణి పెట్టి మోసుకొచ్చే ఎత్తైన చట్రం. కనుమ నాడు పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు అక్కడికి చేరతాయి కాబట్టి పదకొండు బోర్డులు, ఒక్కొక్కరికి ఒక ప్రభ. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ నీళ్లలో దిగి దాటే దృశ్యం ఎవరికి వస్తే వాళ్లకు చేతినిండా పని. నీళ్లు, బురద, జనం, పైన రంగుల గుడ్డలు, నాలుగు రకాల టెక్స్చర్ ఒకే బోర్డులో ఉంటాయి.

ఇలాంటప్పుడు బోర్డుల్లో ఉమ్మడిగా ఉండేవి, అంటే ఆకాశం, నేల, దూరపు కొబ్బరి తోట, వీటి రంగుని ఒక్కరే పెద్ద గిన్నెలో కలపాలి. ఎవరికి వాళ్లు కలుపుకుంటే ఎంత జాగ్రత్తపడ్డా పక్కపక్కన పెట్టినప్పుడు అతుకులు తెలిసిపోతాయి. కావలసిన దానికి రెట్టింపు కలిపి, మూత ఉన్న డబ్బాల్లో పోసి, మధ్య బల్ల మీద పెడతాం. సగంలో అయిపోతే మళ్లీ అదే రంగు రావడం చాలా కష్టం. ప్రభ రంగులు మాత్రం ఎవరి ఇష్టం వాళ్లవి.

వెలుగు ఏ వైపు నుంచో మొదలుపెట్టే ముందే గోడ మీద బాణం గుర్తు గీసి పెడతాం. ఒకరు గట్ల ఎడమ పక్కకు లేత రంగు వేసి, పక్కవాళ్లు కుడి పక్కకు వేస్తే బొమ్మ మొత్తం విరిగిపోతుంది. బోర్డుల్ని మధ్య మధ్యలో వరుసగా నేల మీద పేర్చి, కుర్చీ ఎక్కి పైనుంచి చూస్తాం. పక్కపక్కన ఉన్న ఇద్దరూ ఆ అంచు దగ్గర ఒకేసారి కూర్చుని, బోర్డులు ఆనించి, గీతని ఇటు నుంచి అటు ఒకే బ్రష్‌తో లాగాలి. ఇక్కడ ఒక్కచోటే ఇంకొకరి బోర్డు మీద బ్రష్ పెట్టడానికి ఒప్పుకుంటాం.

నేర్పేవాళ్లు నా బొమ్మని కొంచెం సరిచేసి ఇస్తారా?

మీ బోర్డు మీద మేము చేయి పెట్టం. పక్కన ఒక ఖాళీ ముక్క మీద చేసి చూపిస్తాం, మీది మీరే చేయాలి. టీచర్ వేసిన నాలుగు గీతలు ఉన్న బొమ్మను ఇంట్లో పెట్టుకుంటే చూసినప్పుడల్లా మీ కన్ను ఆ నాలుగు గీతల మీదికే పోతుంది. పక్కవాళ్లు సలహా ఇవ్వొచ్చు, అడిగితేనే. మొదటిసారి వచ్చినవాళ్లకు ‘అందరిదీ బాగుంది, నాదే బాలేదు’ అన్న టెన్షన్ ముదురు పొర తుడిచిన దశలో తప్పకుండా వస్తుంది. ఆ దశలో అందరివీ మురికిగానే కనిపిస్తాయి. డ్రై బ్రష్ పడేవరకు తేల్చేయకండి.

రంగు బురదలా అయిపోయింది. ఏం చేయాలి?

తడిగా ఉంటే తడిగుడ్డతో, పాత టూత్‌బ్రష్‌తో తీసేయండి. ఆరిపోతే రుద్దకండి, టెక్స్చర్ దెబ్బతింటుంది. దాని మీద పల్చటి తెలుపు వేసి ఆరనిచ్చి మళ్లీ మొదలుపెట్టొచ్చు. బురదకు కారణం ఎక్కువగా రెండు. ఒకటి, కింద పొర ఆరకుండా పైది వేయడం. రెండోది, బ్రష్ కడిగే నీళ్లు మార్చకపోవడం. బల్లకు రెండు మగ్గులు పెడతాం, ఒకటి కడగడానికి, ఒకటి రంగు పల్చన చేయడానికి. దయచేసి కలపకండి. పొరల మధ్య హెయిర్ డ్రయ్యర్ వాడొచ్చు, చల్లగాలి మీద, జానెడు దూరం నుంచి. వేడిగాలి దగ్గరగా పెడితే మందపాటి రంగులో బుడగలు లేస్తాయి.

బంగారు రంగు ఎంత వేయొచ్చు?

అన్నిటికన్నా చివర, గట్ల కొసలకే, వేలి కొనతో అద్దినంత. బోర్డంతా పూస్తే ఏ పక్క నుంచి చూసినా మెరుపే కనిపించి, మీరు చేసిన గీతలు మాయమవుతాయి. కింద ఎర్రటి సియెన్నా ఉంటే బంగారం వెచ్చగా ఉంటుంది.

పిల్లల్ని తీసుకురావచ్చా?

ఎనిమిదేళ్లు దాటినవాళ్లు పెద్దవాళ్లతో వస్తే సంతోషం. గరుకు కాగితంతో టెక్స్చర్ రుద్దే పని ఉంటే ఇంటి దగ్గరే, ఆరుబయట, మాస్కు పెట్టుకుని చేసుకుని రండి. ఆ సన్నని దుమ్ము హాల్లో ఎవరి ఊపిరితిత్తులకూ మంచిది కాదు. బ్రష్ కొసని నోట్లో పెట్టి సరిచేసే అలవాటు పిల్లలకే కాదు, పెద్దవాళ్లకూ ఉంటుంది. మానుకోండి. కాడ్మియం (ఒంటికి హాని చేసే లోహం) అని రాసి ఉన్న ఎరుపు, పసుపు ట్యూబులు పిల్లల బల్ల మీద పెట్టం.

రంగు నీళ్లు ఎక్కడ పారబోయాలి?

కాలువలో వద్దు, కాలువలో కలిసే బోదెలో కూడా వద్దు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా అల్లుకున్న ఈ కాలువలు చేలకే కాదు, ఊళ్ల మంచినీటి చెరువులకు కూడా నీళ్లిస్తాయి. యాక్రిలిక్ అంటే ప్లాస్టిక్కే, నీళ్లతో కలిసిపోయినట్టు కనిపించినా ఎక్కడికీ పోదు. బ్రష్‌ని కడిగే ముందు న్యూస్‌పేపర్ మీద పూర్తిగా తుడవండి, సగం రంగు అక్కడే పోతుంది. కడిగిన నీళ్లన్నీ ఒక బకెట్‌లో పోసి రాత్రంతా ఉంచుతాం. పైన తేరిన నీటిని గుడ్డలో వడకట్టి తర్వాతిసారి బ్రష్‌లు కడగడానికే వాడతాం. అడుగున మిగిలిన ముద్దను ఆరబెట్టి చెత్తబుట్టలో వేస్తాం.

దగ్గర్లో చూసి నేర్చుకునే పెయింటింగులు ఎక్కడున్నాయి?

రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రకళా మందిరానికి వెళ్లండి. చిత్రకారుడు రామారావు 1897లో పుట్టి 1925లోనే పోయారు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభ గుర్తించి ప్రోత్సహించారు, ఆ తర్వాత రామారావు బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదివారు. రచయిత, చిత్రకారుడు అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. రామారావు బొమ్మల్లో మనం చేసేలాంటి పేస్టు టెక్స్చర్ ఉండదు. అయినా వెళ్లమనడానికి కారణం ఉంది. ఒంటి రంగుకు, గుడ్డ మడతకు ఆయన ముదురు నుంచి లేతకు ఎలా దిగారో దగ్గర నుంచి చూస్తే, మీ గట్టు మీద లేత రంగు ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. వర్క్‌షాప్‌కు ముందు వెళ్లొస్తే ఇంకా మంచిది.

వార్నిష్ వేయాలా? ఎప్పుడు?

వేస్తే మంచిది. టెక్స్చర్ గాళ్లలో దుమ్ము చేరుతుంది, వార్నిష్ ఉంటే మెత్తని పొడి బ్రష్‌తో దులపడం తేలిక. రంగు వేశాక కనీసం రెండు మూడు రోజులు ఆగండి, మందంగా ఉంటే వారం. వాన కురుస్తున్న రోజు, తెల్లవారుజాము మంచులో వేయకండి. గాలిలో తేమ పట్టి స్ప్రే వార్నిష్ తెల్లగా మసకబారుతుంది. పొడి గాలి ఉన్న మధ్యాహ్నం వేయండి. మెరిసే వార్నిష్ నీటి దృశ్యాలకు బాగుంటుంది. మట్టి గోడలు, ఇసుక, కోత చేలకు మెరుపు లేనిదే నప్పుతుంది. బ్రష్‌తో వేస్తే గాళ్లలో నిలిచిపోకుండా చూడండి, నిలిచిన చోట పాలమరకలా కనపడుతుంది.

గోడకు తగిలించేటప్పుడు చెమ్మ పట్టే గోడ వద్దు. ఎండీఎఫ్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసింది) అంచులకు కూడా ప్రైమర్, రంగు పూయండి. అంచు నుంచి తేమ పీల్చే బోర్డు ఉబ్బిపోతుంది, పైన టెక్స్చర్ ఎంత గట్టిదైనా లేచిపోతుంది. సముద్రం దగ్గరి ఊళ్లవాళ్లు ఇనప మేకులు కాకుండా స్టీలువో ఇత్తడివో వాడండి.

అదే రోజు ఇంటికి తీసుకెళ్లొచ్చా? బస్సులో వెళ్లాలి.

తీసుకెళ్లొచ్చు, కానీ పెయింటింగ్ ముఖానికి ప్లాస్టిక్ కవరు తగలనివ్వకండి. కొత్త యాక్రిలిక్ వేడికి మెత్తబడి కవరుకు అతుక్కుంటుంది, విప్పేటప్పుడు రంగు ఊడొస్తుంది. న్యూస్‌పేపర్ పెడితే అచ్చు అంటుకుంటుంది. బోర్డు కన్నా పెద్ద అట్టపెట్టె తెచ్చుకోండి. నాలుగు మూలలా అట్ట ముక్కలు మడిచి పెడితే ముఖానికి, పెట్టెకు మధ్య ఖాళీ ఉంటుంది. బైకు మీద వెళ్లేవాళ్లు ముందు ట్యాంకు మీద ఎండలో పెట్టుకోకుండా, వెనక కూర్చున్నవాళ్ల చేతికివ్వండి. పెట్టె లేకుండా వచ్చినవాళ్ల బోర్డులు మా దగ్గరే ఉంచుతాం, ఆ వారంలో ఎప్పుడైనా వచ్చి తీసుకోవచ్చు.